సిసిరో లేఖలు: రోమన్ కులీనుల జీవితానికి సాక్ష్యమా, ఆత్మప్రశంసా?

చరిత్ర విద్యార్థిని:
రోమన్ కులీనుల జీవితం గురించి రాసేవారు రోమన్ అధికారీ రచయితా అయిన ప్లినీ, రోమన్ వక్తా రాజకీయ నాయకుడూ అయిన సిసిరోల లేఖలను తరచు ప్రత్యక్ష సాక్ష్యంగా చూపుతారు. అయితే ప్లినీ తన ఉత్తరాలను తానే ఏరికూర్చి తొమ్మిది సంపుటాలుగా ప్రకటించాడు. సిసిరో క్రీ.పూ. 55లో చరిత్రకారుడు లుక్కీయస్‌కు రాస్తూ, తాను కాన్సుల్‌గా (రోమ్‌లో అత్యున్నత పాలకుడిగా) ఉన్న కాలపు చరిత్రను సత్యం హద్దు కొంచెం దాటైనా ప్రశంసిస్తూ రాయమని కోరాడు. కీర్తి కోసం ఇంతగా తపించినవారి మాటలను ఎంతవరకు నమ్మాలి?

పాత గ్రంథాల పాఠకుడు:
ప్లినీ విషయంలో మీ సందేహం న్యాయమైనదే. సిసిరో తన ప్రాణమిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరాలను మాత్రం ఆ కోవలో చేర్చడానికి నేను ఒప్పుకోను. క్రీ.పూ. 51–50లో ఆయన నేటి టర్కీ దక్షిణ తీరంలోని కిలీకియా అనే రోమన్ రాష్ట్రానికి గవర్నరుగా ఉండగా, సైప్రస్‌లోని సలామిస్ నగరం చెల్లించవలసిన అప్పు తగాదా ఆయన ముందుకు వచ్చింది. ఆయన ఆజ్ఞ ప్రకారం ఏడాదికి 12 శాతానికి మించి వడ్డీ చెల్లదు. స్కాప్టియస్ అనే వ్యాపారి 48 శాతం అడిగాడు. పాత గవర్నరు ఇచ్చిన ఆశ్వికులతో అతడు అంతకుముందే నగర సభామందిరాన్ని ముట్టడించగా, లోపలి సభ్యులు ఐదుగురు ఆకలితో చనిపోయారు. ఆ సొమ్ము నిజానికి బ్రూటస్‌దని (తర్వాత సీజరును చంపినవారిలో ఒకడు), నీతికి మారుపేరని అందరూ చెప్పుకొనే ఆ బ్రూటస్‌దేనని, సిసిరోకు తర్వాత తెలిసింది. ఆయన ఆశ్వికులను వెనక్కి రప్పించాడు, నిజమే. కానీ సలామిస్ వారు వడ్డీ ఆగిపోయేలా డబ్బును ఆలయంలో జమచేస్తామంటే, స్కాప్టియస్ మాట విని వ్యవహారాన్ని తేల్చకుండా వదిలేశాడు. స్కాప్టియస్‌కు యాభైమంది ఆశ్వికులనైనా ఇవ్వమని సిఫారసు చేసింది స్వయంగా అట్టికస్! అధికారం, అప్పు, స్నేహం ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోయాయో ఏ సభాప్రసంగమూ మనకు ఇంత వివరంగా చెప్పదు.

చరిత్ర విద్యార్థిని:
అక్కడ కూడా సిసిరో తనను న్యాయం తప్పని పాలకుడిగానే చిత్రించుకున్నాడు కదా? పైగా అట్టికస్ జవాబులు గానీ, భార్య టెరెంషియా ఉత్తరాలు గానీ మనకు దక్కలేదు. ఒకే గొంతు విని ఒక వర్గం జీవితాన్ని తెలుసుకున్నామనడం సాహసమే.

పాత గ్రంథాల పాఠకుడు:
గొంతు ఒకటేనని ఒప్పుకుంటాను. అయినా తనను సమర్థించుకునే మనిషి కూడా తనకు సహజమనిపించిన వాటిని దాచడు. నాకు విలువైనవి అవే. సీజరుకూ పాంపేకూ మధ్య జరిగిన అంతర్యుద్ధకాలంలో సిసిరో కూతురు తుల్లియా భర్త డోలబెల్లా సీజరు పక్షాన ఉన్నాడు. అప్పుడు దక్షిణ ఇటలీ రేవు పట్టణం బ్రుండీసియంలో చిక్కుకున్న సిసిరో కట్నం వాయిదా కట్టినందుకు చింతిస్తూ, విడాకుల మాట ఎత్తుతూ, అల్లుడి పలుకుబడికి జంకుతూ అట్టికస్‌ను సలహా అడుగుతాడు. అందులో ఆయన తన గురించి చెప్పుకున్నదాన్ని మీరు సందేహించవచ్చు. కట్నం వాయిదాలకూ రాజకీయ భయానికీ ఉన్న ముడిని సందేహించడానికి నాకు కారణం కనబడదు.