అమ్మకు మళ్ళీ ఆపరేషన్ ముందా, కీమో ముందా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తున్నారు

మల్లెతీగ:
నమస్తే అండి. మధ్యాహ్నం నుంచి రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండు. బుర్ర పనిచేయట్లేదు. మా అమ్మకు రొమ్ములో గడ్డ తీశారు, లంపెక్టమీ. రిపోర్టు పాజిటివ్ వచ్చింది. సర్జన్ గారు మళ్ళీ కొంచెం కోసి తీయాలి, ఆ తర్వాతే కీమో అంటున్నారు. కీమో డాక్టరు గారేమో ఇక ఆగడానికి లేదు, ముందు కీమో మొదలుపెడదాం, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. చివరికి మీరే ఆలోచించుకుని చెప్పండి అన్నారు. మేమెలా చెప్తాం? నాన్న లేరు, తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు. అమ్మ నా మొహం చూస్తూ కూర్చుంది. ఏది ముందు చేయించాలి?

తెల్లకోటు:
ఏది పాజిటివ్? ఆపరేషన్ అయి ఎన్ని రోజులైంది?

మల్లెతీగ:
క్యాన్సర్ పాజిటివ్ అండి.

గోదావరి గట్టు:
కంగారుపడకు తల్లీ. పాజిటివ్ అంటే మంచిదే. మా వదినకు కూడా పాజిటివే. రోజుకో మాత్ర, ఐదేళ్ళు వేసుకుంది. నిక్షేపంలా ఉంది.

సూక్ష్మదర్శిని:
గట్టు గారూ, మీ వదినగారిది హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్ మాత్రలకు లొంగే రకం. ఈ అమ్మాయి అడిగేది మార్జిన్ పాజిటివ్, అంటే తీసిన ముక్క అంచు గురించి అయ్యుండాలి, లేకపోతే మళ్ళీ ఆపరేషన్ మాటే రాదు. రెంటికీ సంబంధం లేదు. నేను పాథాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ ఒక్క మాట దగ్గర ఎంతమంది తికమకపడతారో రోజూ చూస్తుంటాను. గడ్డ మా దగ్గరికి వచ్చినప్పుడు దాని బయటి అంచంతా సిరా పూస్తాం. ఏ వైపు ఏదో తెలియడానికి సర్జన్ దారాలు కట్టి పంపుతారు, సాధారణంగా పొట్టి దారం పైవైపుకు, పొడుగు దారం పక్కవైపుకు. తర్వాత ముక్కలు కోసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. క్యాన్సర్ కణాలు సిరాను తాకితే మార్జిన్ పాజిటివ్. అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు అని. తాకకపోతే, పాకే రకం క్యాన్సర్‌కు ఆ మాత్రం చాలు, తర్వాత రేడియేషన్ ఎటూ ఇస్తారు. 2014 నుంచి అమెరికా సర్జన్లు, రేడియేషన్ వాళ్ళు కలిసి ఒప్పుకున్న పద్ధతి ఇదే. పాల గొట్టాల్లోనే ఉండే తొలిదశ రకానికైతే 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలంటారు.

గోదావరి గట్టు:
నేను ధైర్యం చెప్పాను, పాఠం చెప్పలేదు. ఆ పిల్ల రిపోర్టులో హార్మోన్ కూడా ఉంటుంది కదా.

సూక్ష్మదర్శిని:
ఉంటుందండి. అందుకే ఏ పాజిటివో చెప్పకుండా మంచిదే అనకూడదు. తప్పు ధైర్యం కూడా ప్రమాదమే.

పాతబస్తీ పెద్దాయన:
నా మాట విను బిడ్డా. ఒకసారి కత్తి తగిలితే అది పాకుతది. మళ్ళీ మళ్ళీ కోయించకు. కోయిస్తే మొత్తం తీయించెయ్, గొడవ వదిలిపోతది.

నల్లగొండ టీచరమ్మ:
పెద్దాయనా, మీ బాధ అర్థమవుతోంది కానీ కత్తి తగిలితే పాకుతుందన్న భయంతోనే మా అత్తమ్మ ఏడాది ఆలస్యం చేసింది. ఆ ఏడాదే ఆమెను తీసుకుపోయింది. దయచేసి అలా అనకండి. మొత్తం తీస్తే ఆయుష్షు పెరుగుతుందన్నది కూడా నిజం కాదు. అమెరికాలో ఫిషర్ గారు, ఇటలీలో వెరొనెసి గారు 1970లలో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు చూశారు. 2002లో ఇద్దరి ఫలితాలూ వచ్చాయి. గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళూ, మొత్తం తీసినవాళ్ళూ ఒకేలా బతికారు. పైగా మొత్తం తీసినా కీమో అవసరమైతే అవసరమే.
చెల్లెమ్మా, నాకూ ఒకవైపు మార్జిన్ పాజిటివ్ వచ్చింది. నాకు ముందు ఆపరేషనే చేశారు. చిన్నదే, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. మూడు వారాలకు కీమో మొదలైంది. రెండోసారి తీసిన ముక్కలో అసలేమీ లేదన్నారు. ఆ రోజు ఆటోలో ఏడ్చేశాను.

కార్డు బాబాయి:
ఆరోగ్యశ్రీ ఉందా అమ్మా? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. కానీ ముందస్తు అనుమతి దేనికదే పెట్టాలి, ఆపరేషన్‌కు ఒకటి, కీమోకు ఒకటి. వరుస తేలకుండా పెడితే కాగితాలు తిప్పి పంపుతారు. రేషన్ కార్డులో అమ్మ పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూడు. మా తోడల్లుడికి ఒక్క అక్షరం తేడాకే నానా తిప్పలయ్యాయి.

తెల్లకోటు:
రోజులు చెప్పలేదు. హెర్-2 అనే ప్రొటీన్ ఎంతో చెప్పలేదు.

మల్లెతీగ:
సారీ అండి. ఇప్పుడు కూర్చుని చూసి రాస్తున్నాను. మార్జిన్ లోపలివైపు ఒక్కచోట పాజిటివ్. హార్మోన్ల దగ్గర ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్. హెర్-2 దగ్గర 2+ అని ఉంది, పక్కన ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయించమని రాశారు. శాంపిల్ పంపారు, ఇంకా రాలేదు. చంకలో మూడు గ్రంథులు తీస్తే ఒకదాంట్లో ఉందట. ఆపరేషన్ అయి ఆరు వారాలు దాటింది. కుట్ల దగ్గర నీరు చేరి, చీము పట్టి, రెండుసార్లు తీశారు. అందుకే కీమో ఆలస్యమైంది. ఇవన్నీ చెప్పాలని తోచలేదు.

తెల్లకోటు:
ఇదే అసలు విషయం అమ్మా. ఇరవై రెండేళ్ళు క్యాన్సర్ వార్డులో నర్సుగా చేశాను, డాక్టర్ని కాను. వాళ్ళిద్దరూ ఎందుకలా అంటున్నారో మాత్రం చెప్పగలను.
హార్మోన్లు రెండూ నెగెటివ్ అంటే మాత్రలతో పని జరగదు, కీమోనే దిక్కు. ఈ రకం ఆగదు. మామూలుగా ఆపరేషన్ అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో కీమో మొదలుపెడతారు. 90 రోజులు దాటితే నష్టం కనిపిస్తుంది, ఈ రకంలో మరీ. మీకు సగం కాలం అయిపోయింది. కీమో డాక్టరు తొందర అదీ.
సర్జన్ గారిదీ తప్పు కాదు. ఒక్కచోటే కాబట్టి చిన్న ఆపరేషన్, మూడు వారాల్లో మానితే 90 రోజుల లోపే కీమో పడుతుంది. కానీ అమ్మకు మొదటి గాయమే ఇబ్బంది పెట్టింది. మళ్ళీ చీము పడితే? అది ఆయన్నే అడగండి. కీమో ముందు పెట్టుకుంటే మార్జిన్ ఆపరేషన్ కీమో అయిన మూడు నాలుగు వారాలకు చేస్తారు, ఆ తర్వాత రేడియేషన్. అది మానేసినట్టు కాదు, వాయిదా వేసినట్టు. ఏ వరుసైనా గాయం పూర్తిగా మానిందని చూశాకే కీమో ఎక్కించాలి, కీమోతో తెల్లకణాలు పడిపోతాయి, పచ్చి గాయానికి చీము పట్టొచ్చు.
ఫిష్ పాజిటివ్ వస్తే, అంటే హెర్-2 ఉందని తేలితే, దాని మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు కలుస్తుంది, ముందు గుండెకు ఎకో స్కాన్ తీయాలి. ఆ రిపోర్టు కోసం రేపే ఫోన్ చెయ్యి.
నిర్ణయం నీ నెత్తిన పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టమని అడుగు. దాన్ని ట్యూమర్ బోర్డ్ అంటారు. అక్కడ లేకపోతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో అడుగు. ఆపరేషన్ తేదీ, కీమో తేదీ రెండూ కాగితం మీద రాయించుకో.

సూక్ష్మదర్శిని:
రెండో అభిప్రాయానికి వెళ్తే ల్యాబ్ నుంచి బ్లాకులు (మైనంలో దాచిన ముక్కలు), స్లైడ్లు (వాటిని పలచగా కోసి పెట్టిన గాజు పలకలు) కూడా తీసుకెళ్ళండి. ఉత్త రిపోర్టు చాలదు. అడిగితే ఇస్తారు.

గోదావరి గట్టు:
తల్లీ, మార్జిన్ సంగతి నాకు తెలియక అన్నాను. అమ్మకు బాగవ్వాలి.

కార్డు బాబాయి:
ఆధార్ చూశావా అమ్మా?

మల్లెతీగ:
అందరికీ థాంక్స్ అండి. నిన్న ఫోన్ చేశాను, శుక్రవారం ఇద్దరు డాక్టర్లూ కలిసి కూర్చుంటామన్నారు. ఫిష్ ఇంకా రాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు తేడా ఉంది బాబాయ్, మీసేవకు వెళ్తున్నాను.

నల్లగొండ టీచరమ్మ:
శుక్రవారం ఏమన్నారో రాయి చెల్లెమ్మా.

నల్లగొండ టీచరమ్మ:
చెల్లెమ్మా, అమ్మ ఎలా ఉన్నారు?