ప్రయాణాలు, యుద్ధవార్తల నడుమ మారథాన్ సాధన సాగేదెలా?

నమస్కారం. చీమకుర్తి గ్రానైటు ఎగుమతి పనులు చూసుకునే నేను, 42.195 కిలోమీటర్ల తొలి మారథాన్ కోసం నాలుగు నెలలుగా తెల్లవారుజామున ఒంగోలు నుంచి కొత్తపట్నం రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. నెలలో పది రోజులు కృష్ణపట్నం, చెన్నై రేవుల చుట్టూ తిరగవలసి రావడంతో ఆదివారపు 30 కిలోమీటర్ల పరుగు తరచూ తప్పిపోతోంది. అంతకంటే బాధించేది మరొకటి ఉంది. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలై, అనేక ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వెళ్లవలసి వచ్చినప్పటి నుంచి యుద్ధవార్తలు నా ఉద్యోగంలో భాగమైపోయాయి. పైగా మా తమ్ముడు దుబాయిలో ఉన్నందున రాత్రి ఫోను పక్కన పెట్టలేక, నిద్ర చాలక, ఉదయానికి కాళ్లు బరువెక్కుతున్నాయి. పరుగు మానడం మాత్రం నాకు ఇష్టం లేదు. తప్పిన దూరపు పరుగును వారం మధ్యలో రెండుగా విడగొట్టి పూర్తిచేయవచ్చా, లేక వదిలివేయడమే మేలా? ఇటువంటి ఆందోళనలోనూ నిద్రను కాపాడుకోగలిగినవారు తమ పద్ధతిని దయచేసి తెలియజేయగలరు.