కొత్తగా చేరిన అప్రెంటిస్‌లకు పని నేర్పే పద్ధతిని మార్చినవారు తమ అనుభవం చెప్పగలరా?

మెషిన్ షాప్ సూపర్‌వైజర్, బాలానగర్:
ఐటీఐ ముగించి వచ్చే పిల్లలను మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి, ప్రొజెక్టరు మీద భద్రతా నియమాలు చదివి వినిపించి, చివర సంతకాలు తీసుకోవడం మా దగ్గర ఏళ్లుగా సాగుతున్న పద్ధతి. మొన్న అలా సంతకం చేసిన కుర్రవాడే చక్ కీని (లేత్‌లో తిరిగే ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళం) చక్‌లోనే వదిలేసి లేత్ ఆన్ చేయబోయాడు. పక్క మెషిన్ మీదున్న పెద్దాయన చేయి పట్టుకుని ఆపారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కీ ఎగిరి ఎవరికి తగిలేదో! ఆ తప్పును కుర్రవాడి మీదికి నెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మీరెలా నేర్పుతున్నారు?

శిక్షణ విభాగం ఉద్యోగిని, ఫార్మా, పరవాడ:
మా దగ్గరా ఇంగ్లిష్‌లో ఉన్న ఎస్‌వోపీ (పని ఎలా చేయాలో వరసగా రాసిన పత్రం) చదివించి సంతకం పెట్టించేవాళ్లం. ఒక అమ్మాయి బ్యాచ్ రికార్డులో (ఒక విడత మందు తయారీ వివరాలు రాసే పత్రం) పొరపాటున పడిన అంకె మీదే మళ్లీ దిద్దింది. బడిలో అందరం చేసిన పనే అది. తప్పును ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకమూ తేదీ పెట్టాలన్న నియమం ఆమె చదివినదే. తనిఖీకి వచ్చినవారికి మొదటి అంకె కూడా కనిపించి తీరాలని, కనిపించకపోతే రికార్డునే నమ్మరని తెలుగులో చెప్పాక ఆ పొరపాటు మళ్లీ జరగలేదు. ఇప్పుడు పని జరిగే చోటే పదిహేను నిమిషాలు చూపిస్తాం, తర్వాత వారిచేత చేయించి, ఎందుకలా చేశారో వారి నోటనే చెప్పిస్తాం. శిక్షణ పనిలో ఎంత ఫలించిందో ఎప్పటికప్పుడు చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారీ నియమాలు కూడా చెబుతున్నాయి.

రెండో ఏడాది టర్నర్ అప్రెంటిస్:
నా మాట కూడా వినండి సార్. ఐటీఐలో ఒక లేత్ చుట్టూ పదిమందిమి నిలబడేవాళ్లం. ఇక్కడ సీనియర్లు చకచకా చేసి చూపిస్తారు, మళ్లీ అడిగితే విసుక్కుంటారని అడగం. సన్నని కొలతలు తీసే వెర్నియర్‌లో జీరో ఎర్రర్ (దవడలు మూసినా సున్నా చూపకపోవడం) చూసుకునే తీరును మా ఇన్‌ఛార్జి రెండు నిమిషాల వీడియోగా తీసుకోనిచ్చారు. మెషిన్‌కు దూరంగా, బల్ల దగ్గర మాత్రమే ఫోన్ తీయాలన్నది షరతు. 0.02 మిల్లీమీటర్ల గీతలను నేను తప్పు లేకుండా చదవడం ఆ వీడియో చూసే నేర్చుకున్నాను.

రిటైర్డ్ ఫోర్‌మన్, విశాఖపట్నం:
వీడియో మంచిదే బాబూ, కాదనను. కానీ టూల్ అరిగినప్పుడు కోత శబ్దం మారుతుంది. దాన్ని పట్టుకునే చెవి రావాలంటే వారాల తరబడి మెషిన్ దగ్గర నిలబడక తప్పదు. పాఠం చిన్నదైనా సాధన తగ్గించకండి. అడిగినప్పుడు విసుక్కోకూడదని ముందు మా వయసువాళ్లకే శిక్షణ ఇవ్వాలి.

మెషిన్ షాప్ సూపర్‌వైజర్, బాలానగర్:
అందరికీ ధన్యవాదాలు. సోమవారం వచ్చే బ్యాచ్‌కు ప్రొజెక్టరు ఉండదు. ఆగి ఉన్న లేత్ దగ్గర ఒక్కొక్కరి చేతికీ చక్ కీ ఇచ్చి, అది చక్‌లో ఉన్నంతసేపూ చేయి తీయకూడదన్నది చేయించి చూపిస్తాం. నేర్పేది ఆ రోజు చేయి పట్టుకుని ఆపిన పెద్దాయనే. ఇద్దరిద్దరి చొప్పున నేర్పుతానని ఆయన ఒప్పుకున్నారు. పరవాడ మేడమ్ గారూ, కారణం చెప్పించేటప్పుడు మొహమాటపడి నోరు విప్పని పిల్లలతో మీరు ఎలా మాట్లాడిస్తారో కూడా రాయగలరా?