వీడియోలో చూపినట్టే పట్టుకుంటున్నా గిన్నె లోపల ఉలి ఎందుకు పట్టేస్తోంది?

ప్రశ్న అడిగినవారు, మధురవాడ (ఆదివారం రాత్రి 10.40)

సభ్యులందరికీ నమస్కారం. పొద్దున్న 9 గంటలకు మేడ మీద షెడ్డులో లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) ముందు నిలబడినవాణ్ణి రాత్రి భోజనానికి కిందికి దిగాను. ఈలోగా మూడు చెక్కలు పాడయ్యాయి తప్ప ఒక్క గిన్నె కూడా పూర్తి కాలేదు. మూడు నెలలుగా రోజూ రాత్రి వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను, గిన్నె పాఠాన్నయితే ఆపి ఆపి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అందులో నేర్పే ఆయన గౌజ్‌ను, అంటే బోలుగా ఉండే ఉలిని, చెక్కకు ఆనించగానే పొట్టు పొడవాటి చుట్టలుగా లేచి భుజం మీదుగా పడుతుంది. నాకు మాత్రం పొట్టుకు బదులు పిండి రాలుతోంది. కాస్త గట్టిగా నొక్కితే ఉలి ఒక్కసారిగా చెక్కలోకి దిగబడి పట్టేస్తోంది, పిడి చేతిని విదిలించి కొడుతోంది. మూడో చెక్క ఏకంగా దాన్ని పట్టి ఉంచే చక్‌లోంచి ఊడిపోయి షెడ్డు రేకుకు తగిలింది. పట్టు, నిలబడే తీరు, మోచేయి ఒంటికి ఆనించడం, అన్నీ వీడియోలో ఉన్నట్టే చేస్తున్నాను. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.

సభ్యుడు, సీతమ్మధార

ఉలికి సాన పట్టారా?

సభ్యుడు, పెదవాల్తేరు

అయ్యా, ఉలి సంగతి తరువాత చూద్దాం, ముందు చెక్క సంగతి చెప్పండి. మీరు చెక్క పేరు రాయలేదు, అది పచ్చిదో ఎండినదో రాయలేదు. సముద్రం పక్కన ఉండే మన ఊళ్ళో గాలిలో తేమ ఏడాది పొడవునా ఉంటుంది కనుక, చల్లని దేశాల్లో తీసిన వీడియోలు చూసి ఇక్కడ చెక్క ఆరబెట్టడం గురించి ఒక అంచనాకు రావడం పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు మా వీధిలో కూలిన వేప, తురాయి మొద్దులను నేను అప్పుడే కోయించి, కోసిన ముఖాలకు కరిగించిన మైనం పూసి, నీడలో దొంతర పేర్చాను. మైనం పూసిన వేప ఇప్పటికీ చీలిక లేకుండా ఉంది, పూయడం మరచిపోయిన రెండు ముక్కలు మాత్రం నక్షత్రం ఆకారంలో పగిలిపోయాయి. పలకకు అంగుళం మందానికి ఒక ఏడాది చొప్పున ఆరబెట్టాలని పాతవాళ్ళు చెప్పే లెక్క. అంతకాలం ఆగలేకపోతే పచ్చి చెక్కనే మందంగా, అంటే గిన్నె వ్యాసంలో పదో వంతు గోడ ఉండేలా లేత్ మీద తరిమి (చెక్కి), కొన్ని నెలలు పక్కన పెట్టి, అది ముడుచుకోవడం ఆగాక రెండోసారి లేత్‌కు ఎక్కించాలి. 8 అంగుళాల గిన్నెకు గోడ సుమారు 20 మిల్లీమీటర్లన్నమాట.

ప్రశ్న అడిగినవారు

చెక్క మామిడి అండీ, అడితిలో పలకగా కొన్నాను, బాగా ఎండినదే. 8 అంగుళాల గుండ్రాలుగా కోసుకున్నాను. ఉలులు కొత్తవి, సెట్‌గా వచ్చాయి, కనుక సాన పట్టలేదు.

సభ్యుడు, సీతమ్మధార

కొత్త ఉలికి కర్మాగారంలో పెట్టేది ఆకారం మాత్రమే, పదును కాదు. సాన పట్టండి.

సభ్యురాలు, ఎం.వి.పి. కాలనీ

నేను కూడా రెండేళ్ళుగా వీడియోల ద్వారానే నేర్చుకుంటున్నాను కాబట్టి మీ అవస్థ నాకు బాగా అర్థమవుతోంది. ఎన్నిసార్లు చూసినా తెర మీద కనబడనివి కొన్ని ఉంటాయి. ఒకటి, కెమెరాను చాలామంది తమకు ఎదురుగా, లేత్‌కు అవతల పెడతారు. అప్పుడు తెర మీద కుడి మనకు ఎడమ అవుతుంది, గౌజ్ నోరు (బోలు వైపు) ఎటు తిరిగి ఉందో మనం తిరగేసి నేర్చుకుంటాం. నేను అలా రెండు నెలలు తప్పుగా పట్టుకున్నాను. ఇప్పుడు వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పి చూస్తున్నాను. రెండోది, వారు గిన్నె మధ్యలో నాలుగైదుసార్లు ఆగి సానకు వెళ్ళి వస్తారు, అదంతా ఎడిటింగ్‌లో పోతుంది. చూసేవారికి ఒకే ఉలితో ఏకబిగిన గిన్నె తయారైనట్టు అనిపిస్తుంది. చేతి ఒత్తిడి ఎంతో తెర మీద ఎలాగూ తెలియదు. పదునైన ఉలికి అసలు నొక్కనవసరం లేదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సభ్యుడు, అనకాపల్లి

మిత్రమా, మన ముంగిట్లో విద్య ఉండగా పరాయి వీడియోల వెంట పడటం ఎందుకు? మీకు రెండు గంటల దూరంలో, యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. మనమందరం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు లేత్ మీద తరిమినవే, వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి కళాకారుడు లక్క కడ్డీని తిరుగుతున్న అంకుడు కర్రకు ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో అదిమితే ఆ పూత అంతటా సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. ఆ ఆకు ఆనినప్పుడు ఎంత నొక్కాలో పక్కన కూర్చుని చూస్తే ఒక్క పూటలో తెలుస్తుంది.

సభ్యుడు, అక్కయ్యపాలెం

ఏటికొప్పాక మాట వచ్చింది కాబట్టి ఒక మనవి. లేత్‌కు మనకు తరిమెన అనే చక్కని మాట ఉంది, తరిమెన పట్టడం అంటే ఈ పనే. గౌజ్ అనకుండా బోలు ఉలి అంటే సరిపోతుంది. మాటలను మనమే వాడకపోతే ఇంకెవరు వాడతారు?

సభ్యుడు, సీతమ్మధార

పూర్ణా మార్కెట్‌లో తరిమెన అడిగితే ఎవరూ ఇవ్వరు.

సభ్యుడు, అక్కయ్యపాలెం

అడిగేవారు లేరు కనుకనే ఇవ్వరు. నిఘంటువులో ఉన్న మాట అది, నేను కల్పించింది కాదు.

విశ్రాంత పాటర్న్ మేకర్, గాజువాక

పేరు గురించి వాదించుకుంటున్న ఇద్దరికీ నమస్కారం, కానీ ఈ బాబు ప్రాణానికి సంబంధించిన విషయం ఆ పేరులోనే ఉంది. గౌజ్ అన్నా బోలు ఉలి అన్నా అది ఒక పనిముట్టు కాదు, మూడు. స్తంభాల పనికి మొదట గరుకు తీసే వెడల్పాటి రఫింగ్ గౌజ్ ఒకటి, సన్న పనికి స్పిండిల్ గౌజ్ ఒకటి, గిన్నెలకు బౌల్ గౌజ్ ఒకటి. ఫౌండ్రీలో పోతలకు చెక్క నమూనాలు చేస్తూ ముప్పై ఏళ్ళు లేత్ మీద గడిపాను, అందుకే అడుగుతున్నాను. బాబూ, మీరు గిన్నె లోపల పెట్టింది ఈ మూడింటిలో ఏది? లేత్ ఎంత వేగంతో తిప్పారు? ఈ రెండూ చెప్పేదాకా స్విచ్ వేయకండి.

ప్రశ్న అడిగినవారు

సెట్‌లో అన్నిటికన్నా వెడల్పైనది, బలంగా ఉంటుందని తీసుకున్నాను. వేగం నిమిషానికి 1,800 చుట్లు. వీడియోలో ఆయన అంతే పెట్టారు. కాకపోతే అది క్యాండిల్ స్టాండ్ వీడియో.

విశ్రాంత పాటర్న్ మేకర్, గాజువాక

మీరు వాడింది రఫింగ్ గౌజ్. దాన్ని గిన్నెకు ఎప్పుడూ వాడకూడదు. ముందు చూస్తే బలంగానే కనిపిస్తుంది, కానీ పిడిలోకి దిగే తోక బల్లపరుపుగా, సన్నగా ఉంటుంది. అంచు పట్టేసినప్పుడు ఆ దెబ్బంతా తోక మీద పడి అది పుటుక్కున విరుగుతుంది, విరిగిన ఇనుప ముక్క ముఖం మీదికి వస్తుంది. బౌల్ గౌజ్ గుండ్రటి కడ్డీ నుంచి తీసినది, అదే మందంతో పిడిలోకి వెళుతుంది.

క్యాండిల్ స్టాండ్‌లో చెక్క నార లేత్ పొడవునా పడుకుని ఉంటుంది, మీ మామిడి గుండ్రంలో నార అడ్డంగా ఉంటుంది. అందువల్ల గిన్నె ఒక్క చుట్టు తిరిగేలోగా ఉలి రెండుసార్లు నార పక్కను, రెండుసార్లు నార కొనను కోయాలి. మీ పాడైన చెక్కలను ఒకసారి వేలితో తడిమి చూడండి, గరుకు అంతటా ఉండదు, ఎదురెదురుగా రెండు చోట్ల మాత్రమే లేచి ఉంటుంది. అందుకే వాటం చూసుకుని కోయాలి. గిన్నె బయటి వైపు అడుగు నుంచి అంచుకు, లోపలి వైపు అంచు నుంచి మధ్యకు. లోపలికి దిగేటప్పుడు బౌల్ గౌజ్ నోరు గడియారంలో 3 చూపే వైపు తిరిగి ఉండాలి, ఉలి వెనక వాలు (సాన పట్టిన ఏటవాలు ముఖం) చెక్కకు ఆనిన తరువాతే కొద్దిగా పైకి తెరవాలి. వాలు ఆనకుండా అంచు ఒక్కటే తగిలితే అది పట్టేయక మానదు.

వేగానికి వ్యాసం అంగుళాలను చుట్ల సంఖ్యతో గుణిస్తే 6,000కూ 9,000కూ మధ్య రావాలి. మీ 8 అంగుళాలకు 750 నుంచి 1,125 వరకు, గుండ్రం సరిపడేదాకా ఇంకా తక్కువ. మీరు పెట్టిన దానికి 14,400 వస్తుంది. చెక్క రేకుకు తగిలి ఆగింది, అది మీ అదృష్టం. ముఖానికి పూర్తి కవచం ఉండాలి, చేతికి గ్లౌజులు అసలు వద్దు, వదులు చొక్కా వద్దు.

సాన విషయంలో సీతమ్మధారవారు మొదటి మాటలోనే సరిగ్గా చెప్పారు. ఉలి వాలు మీద మార్కర్‌తో రంగు వేసి, గ్రైండర్ ఆపి ఉంచి, చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పండి. రంగు పైన మాత్రమే పోతే అంచును మొండి చేస్తున్నారు, కింద మాత్రమే పోతే అంచు అందడం లేదు, పై నుంచి కింది దాకా చెరిగితే కోణం కుదిరినట్టు.

సభ్యుడు, పెదవాల్తేరు

చాలా మంచి వివరణ. అయితే మామిడికి పురుగు త్వరగా పడుతుంది కనుక, నేర్చుకునేవారికి తెల్ల పొణికి మంచిదని నా అభిప్రాయం, బొమ్మలవాళ్ళు వాడేది అదే కదా.

సభ్యుడు, అనకాపల్లి

క్షమించాలి, పొణికి కొండపల్లి వారిది. దాన్ని చేత్తో చెక్కి, ముక్కలు అతికించి బొమ్మ చేస్తారు, లేత్‌కు ఎక్కించరు. ఏటికొప్పాకలో వాడేది అంకుడు. కొన్నిచోట్ల తెడ్లపాల అంటారు.

సభ్యుడు, అక్కయ్యపాలెం

తెడ్లపాల, పాలకొడిశె ఒకటేనా, వేరువేరా?

ప్రశ్న అడిగినవారు (బుధవారం రాత్రి 9.15)

వెడల్పు ఉలిని డబ్బాలో పెట్టేశాను. సెట్‌లో బౌల్ గౌజ్ అసలు లేదని తేలింది, విడిగా తెప్పించాను. మార్కర్ పద్ధతిలో నాలుగో ప్రయత్నానికి కోణం కుదిరింది. 800 వేగంలో బయటి వైపు తరిమితే మొదటిసారి పిండికి బదులు పొట్టు వచ్చింది, జానెడు పొడవు, చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. గాజువాక మాస్టారు చెప్పినట్టు పాత చెక్కలను తడిమి చూశాను, గరుకు నిజంగానే ఎదురెదురుగా రెండు చోట్ల ఉంది. లోపలి వైపు ఇంకా ధైర్యం చేయలేదు. అందరికీ ధన్యవాదాలు.

సభ్యురాలు, ఎం.వి.పి. కాలనీ

సంతోషం. లోపల మొదలుపెట్టే ముందు ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌ను గిన్నె నోట్లోకి తిప్పి, స్విచ్ వేయకుండా చెక్కను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. అన్నట్టు అనకాపల్లివారూ, మొగలి ఆకు పచ్చిది వాడతారా, ఎండినదా?