సమస్య: గర్భమున నున్న శిశువుపై కక్ష గలిగె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం. వస్తువు క్రైస్తవంలోని దైవ ఏర్పాటు, అంటే ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఎన్నుకున్నాడనే సిద్ధాంతం. బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 9వ అధ్యాయం తెరిచి పెట్టుకుని మొదలెట్టండి.

పాతపలక:
పిల్ల లేమియు చేయని వేళ యందె
పెద్దవాడింక దాసుడు పిన్న కనుచు
పలికె దైవము, పౌలదే వ్రాసినాడు
గర్భమున నున్న శిశువుపై కక్ష గలిగె

నిర్వాహకుడు: పాతపలక గారూ, మూడు పాదాలు హాయిగా నడిచాయి. రెండోది మరీ బాగుంది. నాలుగోదే అతికించినట్టుంది. కక్ష ఎవరికి? మీ పద్యం ప్రకారం దేవుడికే. కానీ ఆదికాండం 25లో, ఏశావు, యాకోబు అనే కవలలను మోస్తున్న రిబ్కాతో దేవుడు చెప్పింది పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడనే. “ఏశావును ద్వేషించితిని” అన్నది మలాకీ ప్రవక్త గ్రంథంలోని మాట, ఎన్నో శతాబ్దాల తర్వాత, ఏశావు సంతతైన ఎదోము జనం గురించి. పౌలు రెంటినీ పక్కపక్కన పెట్టాడు. ద్వేషాన్ని గర్భందాకా లాక్కెళ్లింది మీరే. మూడో పాదం ఇలా మారిస్తే?
పలికె దైవము, వినువారు భ్రాంతిఁ బడిరి

పాతపలక: అతుకు పోయింది, సంతోషం. పౌలు కూడా పోయాడే!

నల్లసిరా:
ఎన్నుకొనుటన్న కరుణయే యెల్లవేళ
అర్హతయె లేని వారికి నందు వరము
కుండ యడుగునె కుమ్మరిఁ? గూడ దనుట
గర్భమున నున్న శిశువుపై కక్ష గలిగె

నిర్వాహకుడు: మూడో పాదం విరిగి సమస్యలోకి జారిన తీరు బాగుంది. ఎన్నిక పూర్తిగా దేవుడిదే, మనిషి అర్హతతో పని లేదనే 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ వాదం, పక్కాగా. ఆయనకీ ఇది తేలిగ్గా మింగుడు పడలేదు లెండి, ఈ నిర్ణయం భయంకరమైనదేనని తన గ్రంథంలోనే ఒప్పుకున్నాడు.

గోరువంక:
అందరును రక్ష పొందుట యతని కోర్కె
తెలియు టొక్కటి, ముందుగా తీర్చు టొకటి
కన్నతండ్రిని దూఱుట గాదె యనుట
గర్భమున నున్న శిశువుపై కక్ష గలిగె

నల్లసిరా: కాల్విన్ మాటను కాదన్న డచ్చి వేదాంతి అర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అంశాలుగా పెట్టిన వాదమే ఇది. 1618-19లో హాలండులోని డోర్ట్ చర్చి సభ కొట్టేసింది. దేవుడికి ముందే తెలిసింది జరక్క తప్పదు కదా, మరి తీర్చడానికీ దానికీ తేడా ఎంత?

గోరువంక: తెలియడం వల్ల జరగదండీ, జరగబోతోంది కాబట్టి తెలుస్తుంది. సభ కొట్టేస్తే వాదం చచ్చిపోతుందా? 1739లో మెథడిస్టు బోధకుడు వెస్లీ మళ్లీ ఇదే ప్రసంగించాడు, దాంతో కాల్విన్ పక్షపు బోధకుడు వైట్‌ఫీల్డ్‌తో స్నేహం బీటలువారింది. మీ కుమ్మరినే అడుగుతా: యిర్మీయా ప్రవక్త గ్రంథం 18లో తనను కుమ్మరితో పోల్చుకున్న దేవుడు, జనం చెడు మానితే తానూ మనసు మార్చుకుంటానంటాడే, దాన్నేం చేస్తారు?

నిర్వాహకుడు: ఒక్క నిమిషం. ఎదురెదురు పక్షాల వాళ్లు, సమస్యను దాటింది మాత్రం ఒకే సందులోంచి. “అలా అనుట తప్పు” అనేసి ఇద్దరూ కక్షను వదిలించుకున్నారు! పూరణల్లో ఇది బాగా అరిగిన దారి. గోరువంక గారికి ఇంకో మాట: “కన్నతండ్రి” దగ్గర పద్యం మనసుకు తగిలింది, వాదం కన్నా అదే బలం.

నల్లసిరా: యిర్మీయా చూసిన కుండ చేతిలోనే విడిపోయింది, అదే మంటితో మరో కుండ చేసింది కుమ్మరే. ఆ అధ్యాయం నా పక్షానికే వస్తుంది. ఇంకో పూరణ మొదలెట్టాను, “అనుట” లేకుండా. రెండో పాదంలో యతి కుదరక ఆగింది.