తెలుగులో బ్లాగు: సరదాకా, సంపాదనకా?

కుట్టుమిషన్ (ఖమ్మం)
నమస్కారమండీ. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. ఆ కటింగు గురించి తెలుగులో బ్లాగు రాద్దామని ఉంది. నెలకు ఓ ఐదు వేలు వస్తే పిల్లాడి ఫీజుకి ఆసరా. మా తమ్ముడేమో "ఇప్పుడు ఎవరు చదువుతారక్కా, వీడియోలు పెట్టు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

పాత టపా (హైదరాబాద్)
రాయండమ్మా, కానీ ఐదు వేలు మనసులో పెట్టుకుని కాదు. నేను 2007లో మొదలుపెట్టాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసిపెట్టే లేఖినిలో టైపు చేసి, తెలుగు బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపే కూడలి సైటులో మన టపా (బ్లాగులో రాసిన రాత) కనిపించిందా అని పొద్దున్నే చూసుకునేవాళ్ళం. బ్లాగులో ప్రకటనలు వేసి మనకు డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకు వచ్చింది 2018లో. అప్పటిదాకా ప్రకటనల పైసా లేకుండానే వందలమంది రాశారు. డబ్బు కోసమే దిగినవాళ్ళు మూడో నెలకల్లా మానేయడం కళ్ళారా చూశాను.

కలుపుమొక్క (తాడేపల్లిగూడెం)
పాత టపా గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఇది నాకు నచ్చలేదు. జాకెట్టుకు కూలి తీసుకునే మనిషి రాతకు ఎందుకు ఊరికే పనిచేయాలి? ఉద్యోగం ఉన్నవాళ్ళకి సరదా సరిపోతుంది. ఆవిడకి పూట గడవాలి.

అయితే లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను. నేను వరిసాగు మీద రాస్తాను. యాడ్‌సెన్స్ ఖాతాలో పది డాలర్లు చేరాక గూగుల్ వాళ్ళు పిన్ నంబరున్న ఉత్తరం పోస్టులో పంపుతారు. మా పోస్ట్‌మ్యాన్ అది తెచ్చిచ్చిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. వంద డాలర్లు నిండితేగానీ డబ్బు చేతికి రాదు. నాకు నిండడానికి 26 నెలలు పట్టింది. ప్రకటనలను నమ్ముకుని ఫీజు కడతానంటే మాత్రం వద్దనే చెప్తాను.

పచ్చడి జాడీ (తెనాలి)
ప్రకటనలు నేనసలు పెట్టలేదు. మాగాయకు బూజు ఎందుకు పడుతుందో ఒక టపా రాశాను: ముక్క సరిగ్గా ఎండకపోవడం, తడి గరిటె, పైన నూనె తేలకపోవడం. అది చదివి ఒకావిడ ఫోన్ చేసి, తన జాడీ ఎలా ఉందో చెప్పి, చివర్లో "మీరే రెండు కిలోలు పెట్టి పంపండి" అంది. ఇప్పుడు ఎండాకాలమంతా నాకు ఆర్డర్లే. రాత చదివి నమ్మకం కుదిరితే పని వెతుక్కుంటూ వస్తుంది. నువ్వూ జాకెట్టు కొలతలకు కాగితాలు కత్తిరించి అమ్ము తల్లీ, ఇంటి దగ్గర కుట్టు నేర్పు.

వీడియో మాటంటావా, కత్తెర చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు ఆపి చూస్తాం? చాతీ 34 అయితే నాలుగో వంతు ఎనిమిదిన్నర, దానిమీద వదులెంత, కుట్టుకెంత అని పట్టిక వేసి పెట్టు. గోడకు అంటించుకుంటారు.

పాత టపా
కలుపుమొక్క గారు అన్నదాంట్లో న్యాయముంది. కూలి అడగొద్దని నా ఉద్దేశం కాదు. కూలి ఆలస్యమైతే కలం పడేయకూడదని నా బాధ. వారానికి ఒకటైనా ఏడాది పాటు రాయగలననిపిస్తేనే దిగండి.

కుట్టుమిషన్
రాత్రి కూర్చుని "చంక దగ్గర ముడత ఎందుకు పడుతుంది" అని మొదలుపెట్టాను. రెండు పేరాలయ్యాయి. ముడత పడ్డ జాకెట్టు ఒకటి దాచి ఉంచాను, రేపు వెలుతురులో ఫోటో తీస్తాను. సొంత డొమైన్ (మన పేరుతో సైటు చిరునామా) ఇప్పుడే కొనాలా?

కలుపుమొక్క
వద్దక్కా. బ్లాగ్‌స్పాట్‌లో ఉచితంగా మొదలుపెట్టండి. తర్వాత సొంత పేరు తగిలించుకుంటే పాత లింకులు కూడా అక్కడికే వెళ్తాయి. నెలకోసారి సెట్టింగుల్లోకి వెళ్ళి బ్యాకప్ దించుకోండి. వేరే ఉచిత సైటొకటి మూతపడినప్పుడు నావి అరవై టపాలు పోయాయి. నారుమడి మీద మా నాన్న చెప్పగా రాసుకున్నవి కూడా వాటిలోనే ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు.