హోవార్డ్ హాడ్జ్‌కిన్‌ను నైరూప్య చిత్రకారుడు అనవచ్చా?

చిత్రాభిమాని:
2017లో కన్నుమూసిన ఈ బ్రిటిష్ చిత్రకారుణ్ణి నైరూప్య చిత్రకారుల జాబితాలో, అంటే గుర్తుపట్టే రూపాలు లేకుండా రంగులు, ఆకారాలతోనే చిత్రాలు వేసేవాళ్ల జాబితాలో వేసేస్తుంటారు. ఇది ఆయనకు అన్యాయం. పైకి కనిపించే రూపాన్ని గీయకపోయినా తన ప్రతి చిత్రమూ జరిగిన ఒక సందర్భం గురించినదేనని ఆయన పదే పదే చెప్పాడు. 'డిన్నర్ ఎట్ స్మిత్ స్క్వేర్' చూడండి. ఇద్దరు పాత స్నేహితులు భోజనాల బల్ల దగ్గర మాట్లాడుకుంటున్న సందర్భమది. 1975లో మొదలుపెట్టి 1979లో గానీ ముగించలేదు. రంగుల పొందికే కావాలనుకున్న మనిషి ఆ ఒక్క జ్ఞాపకం కోసం అన్నేళ్లు పట్టుబడతాడా?

కుంచె:
చిత్రకారుడి మాటే ప్రమాణమైతే చూసేవాళ్ల కళ్లకు విలువేముంది? ఆ పేరు దాచిపెట్టి చిత్రాన్ని మాత్రమే చూపించండి. అది ఇద్దరు స్నేహితుల భోజనమని ఎవరూ చెప్పలేరు. సందర్భం ఆయన మనసులో ఉంది, ఆయన చిత్రాలు వేసే చెక్క పలక మీద ఉన్నది రంగు. 1984లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున నిలిచినా, మరుసటి ఏడాది బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ బహుమతి గెలిచినా ఆ రంగు బలంతోనే. దాన్ని నైరూప్యం అంటే ఆయన గౌరవం తగ్గదు.

దక్కని:
మీరిద్దరూ భారతదేశాన్ని వదిలేశారు. హాడ్జ్‌కిన్‌కు చదువుకునే రోజుల్లోనే మన సూక్ష్మచిత్రాల (చిన్న పరిమాణంలో నాజూకుగా వేసే మినియేచర్ల) మీద ప్రేమ పుట్టింది. 1964లో మొదటిసారి ఇక్కడికి వచ్చాడు, తర్వాత ఎన్నోసార్లు వచ్చాడు. మొఘల్, రాజపుత్ర, పహాడీ చిత్రాలతోపాటు మన దక్కను చిత్రాలను కూడా ఎంతో శ్రద్ధగా సేకరించాడు. సూక్ష్మచిత్రంలో అంచు కూడా బొమ్మలో భాగమే. ఆయన రంగును చట్రం మీదికి పారించడం వెనుక ఆ చూపు ఉందని నా నమ్మకం.

కుంచె గారూ, ఢిల్లీలో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా కట్టిన బ్రిటిష్ కౌన్సిల్ భవనం చూశారా? 1992 నాటి ఆ ముఖభాగమంతా హాడ్జ్‌కిన్ రూపకల్పనే. తెల్లని మక్రానా పాలరాయిలో నల్లని కడప రాయి పొదిగి మర్రిచెట్టును పరిచాడు. మన కడప రాయి అక్కడ నీడగా మారింది. ఆ కొమ్మలను పోల్చుకోవడానికి పేరు చదవనక్కరలేదు.

కుంచె:
దక్కని గారూ, ఆ గోడ నాకూ ఇష్టమే. కానీ అది ఒక భవనం కోసం, వీధిలో వెళ్లేవాళ్ల కోసం చేసిన పని. నా వాదన చెక్క పలకల గురించి. వాటిలో అంత తేటగా పోల్చుకోగలిగిన చిత్రాలు ఎన్ని ఉన్నాయో చెప్పండి, ఒక్కొక్కటే తీసుకుని మాట్లాడుకుందాం.